ఆంగ్లదేశమున పరిహాసమునకు రెండు తూనికలు

1838వ సంవత్సరమున యార్కు న్యాయసభలో మైకేల్ గాథర్‌కోల్ అను నొక ఆంగ్లికన్ మతాచార్యుడు, స్కార్టన్ గ్రామమందలి కాథలిక్ సన్యాసినుల మఠమును నీచముగా దూషించెనను అభియోగముపై నిలువగా, న్యాయమూర్తి ఆల్డర్సన్ జ్యూరీకి ధర్మమును వివరించుచు, యూదమతమునుగాని, మహమ్మదీయ మతమునుగాని, క్రైస్తవములోని యితర శాఖలనుగాని యెవ్వరు నిందించినను అది దైవదూషణ కాజాలదనియు, రాజ్యాంగమున భాగమైన అధికార చర్చికి మాత్రమే యా రక్షణ కలదనియు చెప్పెను. ఆ దేశపు ప్రభుత్వమే 1860లో మనకిచ్చిన శిక్షాస్మృతి, మెకాలే సంఘము 1837లో సిద్ధపరచిన ముసాయిదా ననుసరించి, ఏ మతస్థుల దేవాలయము నవమానించినను, ఎవరి మతభావములను బుద్ధిపూర్వకముగ గాయపరచినను శిక్షార్హమని విధించినది. దీనిని నేను ఔదార్యమనలేను. పాలితుల నడుమ కల్లోలము రేగునేమోయన్న భయమే యిందు ప్రధానము. అయినను, సర్వమతములకు నొక్క ధర్మము సాధ్యమేయని యెరిగియుండియు, దానిని స్వదేశమున నమలుపరుపకుండుట గమనింపదగినది.

ఈ పక్షపాతము మతమునకే పరిమితము కాలేదు. 1958లో బి.బి.సి. టెలివిజన్‌లో ‘బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో’ అను గానవినోదము మొదలయ్యెను. అమెరికా తోటలలో బానిసలుగా మ్రగ్గినవారిని హేళన చేయుటకై పుట్టిన పంతొమ్మిదవ శతాబ్దపు వేషమునే ధరించి, తెల్లజాతి గాయకులు ముఖమునకు నల్లరంగు దట్టముగ పూసికొని, కన్నుల చుట్టును పెదవుల చుట్టును తెల్లని వలయములు దిద్దికొని, పండ్లికిలించుచు పాడుచుండిరి. వారి ప్రక్కన నర్తించు యువతుల ముఖములకు మాత్రము ఆ రంగు లేదు. కోట్లమంది కుటుంబసమేతముగ దానిని చూచి యానందించిరి. 1961లో మాంట్రో నగరపు టెలివిజన్ ఉత్సవమున దానికి స్వర్ణగులాబి బహుమానము లభించినది. లండనులోని విక్టోరియా ప్యాలెస్ నాటకశాలలో 1962 నుండి పదేండ్లు ప్రదర్శితమైనది. వలసవచ్చిన కరీబియన్ ద్వీపవాసుల పిల్లలు బడిలో నే వెక్కిరింత ననుభవించుచుండిరో, దానినే యింటింట వినోదముగ చూపుచున్నారని, 1967లో జాతివివక్ష వ్యతిరేకోద్యమము వారు కార్యక్రమమును మానుడని వినతిపత్రము సమర్పించిరి. ఇది నిర్దోషమైన సంప్రదాయమనియు, ఎవ్వరిని నొప్పించు నుద్దేశము లేదనియు సమర్థకులు వాదించిరి. ఆ సమాధానముతో మరి పదునొకండేండ్లు, 1978 వరకు, అది నిరాఘాటముగ సాగినది.

ఆ కార్యక్రమ మింకను ప్రసారమగుచుండగనే, 1977 జులైలో, ‘గే న్యూస్’ పత్రికయు, దాని సంపాదకుడు డెనిస్ లెమనును ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున దోషులైరి. సిలువనుండి దింపిన క్రీస్తుదేహముపై నొక రోమక సైనికుని కామమును వర్ణించిన పద్యమును ప్రచురించుట వారి నేరము. అర్ధశతాబ్దికి పైగా నిద్రాణమైయున్న దైవదూషణ చట్టమును మేరీ వైట్‌హౌస్ అను నీతిప్రచారకురాలు మేల్కొలిపెను. సంపాదకునికి 500 పౌన్లు, పత్రికకు 1000 పౌన్లు జరిమానా పడెను. 1979లో ప్రభువులసభ, ముగ్గురు ఔననగా నిద్దరు కాదనగా, ఆ నేరనిర్ణయమును ఖాయపరచుచు, దూషించు నుద్దేశము నిరూపింపనక్కరలేదు, ప్రచురించు నుద్దేశ మున్న చాలునని తీర్మానించినది. నల్లవారి విషయమున ‘ఉద్దేశము లేదు’ అను మాట సంపూర్ణమైన సమాధానమైనది. క్రైస్తవుల విషయమున అదే మాటకు విలువయే లేకపోయినది. చర్చికి పార్లమెంటున పీఠములుండెను. లండనులోని బ్రిక్స్టన్ వీథుల నల్లజాతి బస్సు కండక్టరుకు వినతిపత్రమే దిక్కు.

ఆ తీర్పుననే న్యాయమూర్తులలో నొకడైన స్కార్మన్ ప్రభువు, మెకాలే భారత శిక్షాస్మృతిని స్మరించి, రక్షణను క్రైస్తవేతరులకును విస్తరింపజేయుట మేలని సూచించెను. ఆ సలహా ననుసరించినవారు లేరు. తమ మతమును దూషించెనని రచయిత సల్మాన్ రష్దీ నవలపై ఫిర్యాదుతో వచ్చిన ముస్లిములకు 1990లో న్యాయస్థానము, ఈ చట్టము మీది కాదని మరల చెప్పి పంపినది. తుదకు 2008లో ఇంగ్లాండు, వేల్సులలో దైవదూషణ నేరమునే రద్దుచేసిరి. ఆ రద్దు న్యాయమే. కాని అది నూటడెబ్బది యేండ్లు ఆలస్యముగ జరిగినది.