కంప్యూటరు మేల్కొను విధము

కంప్యూటరులో మదర్‌బోర్డు చెడిపోయినది. క్రొత్తది తెచ్చి బిగించిరి. డిస్కు పాతదే. విద్యార్థుల మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రములు అన్నియు అందులో పదిలముగానే ఉన్నవి. మీట నొక్కగానే దీపము వెలిగినది, ఫ్యానులు తిరిగినవి. కాని బూట్ చేయుటకు డిస్కు కనబడలేదను వాక్యము తప్ప తెరమీద మరేమియు రాలేదు. ఇట్టి సమయమున పలువురు డిస్కే చెడినదని తలచి, దానిని తుడిచి, ఆపరేటింగు సిస్టమును మరల ఎక్కింతురు. ఏండ్ల తరబడి కూడబెట్టినది అరగంటలో పోవును. నిజమునకు డిస్కులో ఏ దోషమును లేదు. మరి దోషమెచ్చటిది? కంప్యూటరు మేల్కొను పద్ధతి 75 ఏండ్లుగా ఎట్లు మారుచు వచ్చినదో తెలిసినగాని దీనికి సమాధానము దొరకదు.

కంప్యూటరు ఏ పని చేయవలెనన్నను దాని మెమరీలో ప్రోగ్రాము ఉండవలెను. ప్రోగ్రామును మెమరీలోనికి తెచ్చుటయు ఒక పనియే గదా! దానికిని ఒక ప్రోగ్రాము కావలెను. ఆ మొదటిదానిని ఎవరు తెత్తురు? తాళపుచెవిని లోపల పెట్టి పెట్టెకు తాళము వేసినట్లున్నది.

1946లో అమెరికాలో ప్రకటింపబడిన ఎనియాక్ యంత్రమునకు తొలుత ఈ చిక్కు లేదు. దాని ప్రోగ్రాము మెమరీలో ఉండెడిది కాదు. మనుష్యులు తీగలు మార్చి, స్విచ్చులు త్రిప్పి దానిని అమర్చెడివారు. లెక్క మారినప్పుడెల్ల ఆ శ్రమ మరల మొదటికి వచ్చెడిది.

చిక్కును చక్కగా విడదీసినది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము. అచ్చట మారిస్ విల్క్స్ ఆధ్వర్యమున నిర్మింపబడిన ఎడ్సాక్ 1949 మే 6వ తేదీన తన మొదటి లెక్కగా వర్గముల పట్టికను ముద్రించెను. దాని మెమరీ పాదరసము నింపిన గొట్టములు. అంకెలు ధ్వనితరంగములై వాటిలో ప్రయాణము చేయుచుండెడివి. విద్యుత్తు ఆగినచో అంతయు మాయము. కావున డేవిడ్ వీలర్ అను యువకుడు 31 ఆదేశములు గల ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసెను. దానిని టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడు తిరుగుడు స్విచ్చులలో శాశ్వతముగా తీగలతో అమర్చిరి. మీట నొక్కగానే ఆ 31 ఆదేశములు పాదరసములోనికి పోవును. అవి రంధ్రములు గల కాగితపు టేపును చదివి అసలు ప్రోగ్రామును లోనికి తెచ్చును. ఇంత చిన్నదానిలో ఇంత పని ఇమిడ్చిన వీలర్ బుద్ధిని ఎంత మెచ్చుకొన్నను తక్కువయే. విద్యార్థులు ఈ 31 అను సంఖ్యను గుర్తుంచుకొనవలెను. నేటి మదర్‌బోర్డు మీది చిప్పు చేయునది మూలమున ఈ పనియే.

ఐ.బి.ఎం. 701 యంత్రమున ‘లోడ్’ అను మీట ఉండెను. దానిని నొక్కినచో కార్డు నుండి గాని టేపు నుండి గాని మొదటి పదము మాత్రమే లోనికి వచ్చి, అది తక్కిన వానిని పిలుచుకొనెడిది. ఈ ఉపాయమునకు ‘బూట్‌స్ట్రాప్’ అను పేరు 1953 నాటి రచనలలోనే కనబడును. బూటు తొడుగుకొనుటకు వెనుక నుండు పట్టీని తానే పట్టి లాగి తన్ను తాను పైకి లేపుకొనుట అని దాని భావము. తన భుజము తానే ఎక్కుట అని మనము చెప్పుకొనవచ్చును. ఆ మాటయే కుదించుకొని ‘బూట్’ అయినది.

1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800లో ఈ తొలి ప్రోగ్రాము లేనే లేదు. యజమానియే ముందుపలక మీది స్విచ్చులతో ఒక్కొక్క బైటును ఎక్కింపవలెను. దానికొరకు బిల్ గేట్స్, పాల్ ఆలెన్ బేసిక్ భాషను సిద్ధము చేసిరి. దానిని చూపుటకు ఆలెన్ విమానములో అల్బుకర్కీ నగరమునకు పోవుచు, టేపును లోనికి తెచ్చు ప్రోగ్రామును తాము వ్రాయనే లేదని జ్ఞాపకము తెచ్చుకొని, విమానము దిగులోపల కాగితము మీద వ్రాసెను. అది మొదటిసారియే పనిచేసినది.

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వచ్చినది. అందులో బయాస్ అను ప్రోగ్రాము బోర్డు మీది చిప్పులోనే ఉండెను. అది మొదట యంత్రమును పరీక్షించి, అంతయు బాగున్నచో ఒక చిన్న కూత వేసి, తరువాత డిస్కులోని మొదటి 512 బైట్లను చదువును. అంతటితో దాని బాధ్యత తీరినది. ఆపరేటింగు సిస్టము ఎచ్చటనున్నదో చెప్పు సంగతి డిస్కు మీదనే ఉండెను. కావున ఆనాడు బోర్డు మార్చినను దారి తప్పదు. అయినను విండోస్ ఎక్స్‌పీ కాలమున, క్రొత్త బోర్డు డిస్కును నడుపు తీరు వేరైనందున, నీలితెర వచ్చి ఆగుట సామాన్యమైనది.

ఇంటెల్ సంస్థ 1990 దశకము చివర ఇటానియం ప్రాసెసరు కొరకు మొదలుపెట్టి, 2005లో ఏర్పడిన ఫోరము చేతికి వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతి ఈ ఏర్పాటును మార్చినది. ఏ డిస్కులో, ఏ భాగమున, ఏ ఫైలును నడపవలెనను చిరునామాను ఇప్పుడు మదర్‌బోర్డే తన మెమరీలో వ్రాసికొనును. పాత బోర్డుతో ఆ చిరునామా పోయినది! క్రొత్త బోర్డు ఒక నియమిత స్థానమున వెదకి ఫైలు దొరికినచో నడచును, లేనిచో డిస్కు లేదనును.

కావున ముందు తెర వెలుగుచున్నదా యని చూడవలెను. వెలుగనిచో మెమరీ పలకలు, ప్రాసెసరునకు విడిగా వచ్చు విద్యుత్తు తీగ సరిగా కూర్చున్నవో లేదో పరీక్షింపవలెను. తెర వెలిగి, సెట్టింగులలో డిస్కు పేరు కనబడినచో డిస్కు బ్రతికియున్నదనియే ఎంచవచ్చును. అటుపిమ్మట అది పాత పద్ధతిలో బూట్ అగునదా, యూఈఎఫ్ఐ పద్ధతిదా తెలిసికొనవలెను. పాత పద్ధతి డిస్కును కొన్ని క్రొత్త బోర్డులు అసలే అంగీకరింపవు. విండోస్‌లో బీసీడీబూట్ అను ఆదేశము పోయిన చిరునామాను మరల వ్రాయును. ఏది చేయుటకైనను ముందు డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసికొనుట మంచిది.

బిట్‌లాకర్‌తో తాళము వేసిన డిస్కు సంగతి వేరు. దాని తాళము సాధారణముగా పాత యంత్రపు భద్రతా చిప్పుతో ముడిపడియుండును. క్రొత్త బోర్డు మీద అది 48 అంకెల సంఖ్యను అడుగును. ఆ సంఖ్య మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో, మొదట అచ్చుతీసి దాచిన కాగితము మీదనో ఉండవచ్చును. ఎచ్చటను లేనిచో ఆ డిస్కులోని ఫైళ్లను ఎవరును చదువలేరు.