కియా సెల్టోస్ వార్షికోత్సవ ఎడిషన్

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద ఉన్న కియా కర్మాగారంలో తయారై, 2020 అక్టోబరులో అమ్మకానికి వచ్చిన పరిమిత సంఖ్య కారు ఇది. సెల్టోస్ మార్కెట్లోకి వచ్చి ఏడాది నిండిందని 6,000 బండ్లు మాత్రమే చేస్తామని సంస్థ ప్రకటించింది.

హిందూపురం, ధర్మవరం మధ్యనున్న ఈ నేలకు వేరుశనగ పంట, పట్టుచీరలు తెలుసుగానీ కార్ల తయారీ కొత్త. 2017 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా సంస్థ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాల స్థలం, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. బెంగళూరు దారిలో 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. ఎగుమతికి చెన్నై రేవు ఉంది. కరువు సీమలో అసలు చిక్కు నీళ్లే. హంద్రీ-నీవా కాలువ గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు తేకపోయి ఉంటే ఫ్యాక్టరీ మాట అక్కడితో ఆగిపోయేదేమో. 2019 జనవరి 29న ట్రయల్ కారు, ఆగస్టు 8న తొలి సెల్టోస్ బయటికొచ్చాయి.

బీఎస్-6 కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి రావలసి ఉండగా, సెల్టోస్ ఇంజిన్లు మొదటి రోజు నుంచే వాటికి సరిపోయేలా వచ్చాయి. డీజిల్ బండిలో ఇది చిన్న పనేం కాదు. పొగలోని మసిని పొగగొట్టం దారిలోనే ఒక ఫిల్టర్ పట్టేస్తుంది. అది నిండాక వేడి పెంచి ఆ మసిని అక్కడే కాల్చేస్తారు. ఊళ్లోనే తిరిగే బండికి అంత వేడి అందక ఫిల్టర్ పూడుకుపోతుంది. అప్పుడు హైవే ఎక్కించి కాసేపు ఆపకుండా నడపాలి.

వార్షికోత్సవ ఎడిషన్‌లో ఈ యంత్రభాగాల జోలికి పోలేదు. సెల్టోస్‌లోని హెచ్‌టీఎక్స్ రకానికే ముందూ వెనకా కొత్త స్కిడ్ ప్లేట్లు తగిలించడంతో పొడవు 60 మిల్లీమీటర్లు పెరిగింది. 17 అంగుళాల నల్ల చక్రాల నడుమ నారింజ రంగు మూతలు, లోపల తేనెపట్టు నమూనా కుట్టుతో నల్ల సీట్లు వచ్చాయి. ధర 13.75 లక్షల రూపాయల నుంచి మొదలైంది. సొగసుకు లోటులేదు, కొత్త ఇంజనీరింగ్ మాత్రం వెతికినా కనిపించదు. 1.5 లీటర్ల పెట్రోల్, డీజిల్ ఇంజిన్లు రెండూ 115 పీఎస్ శక్తినిచ్చేవే; తిప్పుబలం మాత్రం పెట్రోల్‌కు 144, డీజిల్‌కు 250 న్యూటన్ మీటర్లు. 140 పీఎస్‌ల 1.4 టర్బో పెట్రోల్‌ను ఈ ఎడిషన్‌కు ఇవ్వలేదు. ప్రత్యేక ముస్తాబుతో ఆ ఇంజిన్ కావాలన్నవాళ్లు 2021 సెప్టెంబరులో వచ్చిన సెల్టోస్ ఎక్స్ లైన్ దాకా ఆగాల్సి వచ్చింది.