ఎర్రకోటు వేస్తే తిలంగా

మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే మెట్రో దిల్‌సుఖ్‌నగర్ కంటే ముందు మూసారాంబాగ్‌లో ఆగుతుంది. ఆ పేరు నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్‌ది. హిందువులు ఆయన్ని మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. 1798 మార్చి 25న చనిపోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి, 'జేఆర్' అని అక్షరాలు చెక్కిన దాదాపు 23 అడుగుల నల్లరాతి స్తంభం ఇప్పటికీ ఉన్నాయి. ఆయన తయారుచేసిన పటాలంలో అప్పటికి సుమారు 14 వేల మంది. ఐరోపా పద్ధతిలో కవాతు చేసే ఇలాంటి సిపాయిని ఆ రోజుల్లో ఉత్తరాదిన 'తిలంగా' అనేవారు. ఇంగ్లిషువాళ్ళు దాన్నే 'టెలింగా' అని రాసుకున్నారు. యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఆ మాటకు రెండర్థాలూ ఇస్తుంది: తెలుగుదేశంవాడు, దొరల పద్ధతిలో తర్ఫీదైన దేశీ సైనికుడు. ఇప్పుడు ఇంగ్లిషులో ఆ రెండో అర్థం ఎవరికీ గుర్తు లేదు. ఇంగ్లిషు పుస్తకాల్లో కనబడింది గనక అది దొరలు పెట్టిన పేరే అనుకోవడం తేలిక. నాకు అలా తోచదు. పేరు పెట్టింది బెంగాల్ జనం, దొరలు వాళ్ళ నోటి నుంచి ఎత్తుకున్నారు.

1756 జూన్‌లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఇంగ్లిషువాళ్ళ నుంచి కలకత్తా పట్టుకున్నాడు. దాన్ని తిరిగి తీసుకోవడానికి అక్టోబరులో క్లైవ్, వాట్సన్ మద్రాసు నుంచి బయల్దేరారు. ఓడల్లో దాదాపు 900 మంది తెల్లవాళ్ళు, 1,500 మంది సిపాయిలు. మరుసటి ఏడు జూన్ 23న ప్లాసీ యుద్ధం. నవాబు గుర్రపు దళాలకు అలవాటుపడ్డ బెంగాలీలకు, దక్షిణం నుంచి ఓడ దిగి వరసకట్టి నడిచే ఈ కాల్బలం కొత్త. వాళ్ళను పిలవడానికి పారశీకం చదివినవాళ్ళ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది. ఢిల్లీ సుల్తానుల కాలం నుంచీ మన తెలుగుదేశం పారశీక రాతల్లో 'తిలంగ్'. ఇక మద్రాసు ఇంగ్లిషువాళ్ళ సంగతి చూడండి. వాళ్ళు తెలుగువాణ్ణి, తెలుగు భాషను 'జెంటూ' అనేవారు. 1816లో క్యాంప్‌బెల్ మద్రాసులో అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే, ఈ భాషను మామూలుగా జెంటూ అంటారని ఉంది. సైనికుడికి వాళ్ళు వాడిన మాట సిపాయి. పేరు వాళ్ళే పెట్టివుంటే ఈ రెంటిలో ఒకటి మోసుకెళ్ళేవారు. పైగా బెంగాల్‌లో జెంటూ అంటే హిందువు. 1776లో హాల్‌హెడ్ అనువదించిన 'జెంటూ' చట్టాలు హిందువుల చట్టాలే, తెలుగువాళ్ళవి కావు.

మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళంతా తెలుగువాళ్ళేనా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. అందులో అరవవాళ్ళున్నారు, ముస్లింలున్నారు. హుగ్లీ ఒడ్డున నిలబడి చూసేవాడికి ఆ తేడా అక్కర్లేదు, దక్షిణాదంతా వాడికి తిలంగే. తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 1757లోనే క్లైవ్ ఉత్తరాది మనుషులను చేర్చుకుని, ఎర్రకోట్లు తొడిగించి, కొత్త పటాలం కట్టాడు. దాన్ని లాల్ పల్టన్ అన్నారు. ఇలాంటి సిపాయిలకూ తిలంగా పేరు అంటుకుంది. కోటుతో పాటు పేరూ వచ్చిందన్నమాట. మరాఠా సర్దారు మహాద్‌జీ సింధియా దగ్గర ఐరోపా సేనాని దబ్వాన్ పెంచిన సైన్యంలో ఈస్టిండియా కంపెనీ తరహా కవాతు పటాలాలు తిలంగాలు, వత్తి తుపాకులవాళ్ళు నజీబులు. అక్కడ అది ఒక రకం సైనికుడి పేరే అయిపోయింది. 1857లో మీరట్ నుంచి ఢిల్లీకి వచ్చిపడ్డ సిపాయిలు చాలామటుకు అవధ్, బీహార్ రైతుబిడ్డలు. వాళ్ళకు తెలుగు ముక్క రాదు. ఢిల్లీ ఉర్దూ రాతల్లో మాత్రం వాళ్ళు తిలంగాలే.

ఈ మాటను పట్టుకుని తెలుగువాడి పరాక్రమం ఉత్తరాదిని గడగడలాడించిందని చెప్పేవాళ్ళుంటారు. ప్లాసీలో మనవాళ్ళు ఉన్నారు, నిజమే, కంపెనీ జీతం మీద ఉన్నారు. కానీ వందేళ్ళు ఆ పేరును నిలబెట్టింది కోటూ కవాతూ, వేసుకున్నవాడి ఊరు కాదు. దొరలకు ఆ సంగతి బాగా తెలుసు. ఆ పేరు మద్రాసు సిపాయి నుంచే పుట్టినా, వాళ్ళు అతన్ని గొప్పవాడనుకోలేదు. హాబ్సన్-జాబ్సన్ అచ్చయిన 1886లో ఇండియా సర్వసేనాధిపతి రాబర్ట్స్. అంతకుముందు 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాన్ని నడిపి, అక్కడి సిపాయిలు గట్టి శత్రువు ముందు నిలవరని తేల్చుకున్నవాడు. ఆ తర్వాతి ఏళ్ళలో మద్రాసు పటాలాలు కొన్ని రద్దయ్యాయి, కొన్నిటిలో పంజాబీలను నింపారు.