కాలేయం మొరపెట్టుకోదు

మా ఆలేరులో మగ్గం ముందు కూర్చున్నవారికి నడుము నొప్పి వచ్చినా, పొలం నుంచి వచ్చినవారికి ఒళ్ళు కాలినా మందుల దుకాణంలో ముందుగా చేతికందేది పారాసిటమాల్ బిళ్ళ. తగిన మోతాదులో అది మేలైన మందే. మోతాదు మించితే మాత్రం, మనం వాడుకలో కార్జమనే కాలేయాన్ని అది చంపగలదు. ఈ సంగతి లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

మోర్స్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త 1878లో ఈ పదార్థాన్ని తయారుచేశాడు. ఆ తరువాత డెబ్బై ఏళ్ళు అది దాదాపు మరుగునే ఉంది. 1948లో న్యూయార్కులో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ దాని మంచితనాన్ని లోకానికి చూపారు. 1950ల నడుమ అది అమెరికా, బ్రిటన్ దుకాణాలకెక్కింది. అతిమోతాదు వల్ల కాలేయం నశిస్తుందని 1966లో బ్రిటన్ వైద్యులు డేవిడ్సన్, ఈస్ట్‌హామ్ ప్రకటించారు. అది ఎలా జరుగుతుందో 1973లో మిచెల్ బృందం తేల్చింది. ఆ బృందంలో బ్రోడీ కూడా ఉండటం విశేషం.

మింగిన మందులో అధికభాగాన్ని కాలేయం నిరపాయంగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. కొద్దిభాగం మాత్రం నాప్‌క్వి అనే విషంగా మారుతుంది. కణంలోని గ్లూటాథయోన్ దానిని ఎప్పటికప్పుడు పట్టి విరిచేస్తుంది. మోతాదు మించినప్పుడు విషం పెరిగి, గ్లూటాథయోన్ నిల్వ అడుగంటుతుంది. ఇక ఆ విషం మైటోకాండ్రియా మాంసకృత్తులకు అంటుకుంటుంది. అక్కడ ఏటీపీ తయారీ ఆగిపోతుంది. కణానికి శక్తినిచ్చే ఈ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. అది కరవైన కణం ఉబ్బి, పగిలి, చనిపోతుంది.

ఇంత జరుగుతున్నా మొదటిరోజు రోగికి కాస్త వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. కడుపునొప్పి, పచ్చకామెర్లు బయటపడేది రెండు మూడు రోజులకు. అప్పటికి కణాలు పోయి ఉంటాయి. ఇన్నేళ్ళు ఈ దోషం దాగి ఉండటానికి ఆ మౌనం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

విరుగుడు ఉంది. ఎసిటైల్‌సిస్టీన్ ఇస్తే కణం మళ్ళీ గ్లూటాథయోన్‌ను తయారుచేసుకుంటుందని ఎడింబరోలో ప్రెస్కాట్ 1970ల చివర నిరూపించాడు. మింగిన ఎనిమిది గంటలలోపు ఇస్తే కాలేయం దాదాపు ఎప్పుడూ నిలుస్తుంది. ఆలస్యమైనకొద్దీ ఫలం తగ్గుతుంది.

జ్వరానికొకటి, జలుబుకొకటి, ఒళ్ళునొప్పులకొకటి అని పేర్లు వేరైనా చాలా బిళ్ళలలో ఉండేది ఈ పారాసిటమాలే. అన్నీ కలిపి పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించరాదు. పస్తులున్నవారికి, రోజూ తాగేవారికి అంతకన్నా తక్కువే. ఏ కారణం చేతనైనా ఎవరైనా ఎక్కువ మింగారని తెలిస్తే, బాగానే ఉన్నాడు కదా అని తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.