మార్కులు లేని పీరియడు

1817 మే మొదటి వారం. ఢిల్లీ ఊరి బయట ఒక తోపులో దాదాపు ఐదు వందల మంది చెట్ల కింద చేరారు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు కలిసి ఒక పుస్తకం చదువుకుంటున్నారు. ఆ కబురు విని మీరట్‌లో ఉండే ఆనంద్ మసీహ్ అనే ఉపదేశి వెతుక్కుంటూ వచ్చాడు. చూస్తే అది హిందుస్తానీలో ఉన్న సువార్త. కొందరి చేతుల్లో అచ్చు ప్రతులున్నాయి, కొందరు చేతిరాతతో ఎక్కించుకున్న కాగితాలు పట్టుకున్నారు. ఎక్కడిదని అడిగితే హరిద్వార్ మేళాలో దేవదూత ఇచ్చాడన్నారు. ఆ దూత తమ కంటికి పండితుడిలా కనిపించాడట. ఇది దొరల పుస్తకమని ఆనంద్ ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. మాంసం తినేవాళ్ల దగ్గర దేవుడి మాట ఎలా ఉంటుందన్నది వాళ్ల వాదన. క్రైస్తవుల మిగతా ఆచారాలన్నీ పాటిస్తాం గానీ, గోమాంసం తినే దొరల ప్రభువు బల్లలో మాత్రం చేయి కలపమని తేల్చి చెప్పారు.

ఈ ఉదంతం లండన్‌లో 1818లో ఒక మిషనరీ పత్రికలో అచ్చయింది. 1985లో సాహిత్య విమర్శకుడు హోమీ భాభా దీనిమీద పేరున్న వ్యాసం ఒకటి రాశాడు. ఆయన చూపంతా వలస అధికారం మీద ఉంది. నన్ను ఆపేసింది మాత్రం వాళ్ల చదువు. గురువు లేడు, గుడి లేదు, పరీక్ష లేదు. ఒక గ్రంథాన్ని ముందు పెట్టుకుని, ఇది ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది, ఇందులో మాకు చెల్లేదేది, చెల్లనిదేది అని తర్కించుకున్నారు. ఢిల్లీ చుట్టుపక్కల బైబిలు చదువుకు నేను ఎరిగినంతలో ఇదే తొలి తరగతి.

మాది ఒంగోలు వైపు. నాన్నగారు రామాయపట్నం బాప్టిస్టు సెమినరీలో చదివి పాస్టరయ్యారు. తమ్ముడు హైదరాబాదులో బి.డి. అనే వేదాంత డిగ్రీ చేశాడు. నేను చరిత్ర చదివి ఢిల్లీ వచ్చి, ఇక్కడే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను. బైబిలును డిగ్రీ పిల్లలకు చదువుగా చెప్పే ప్రయత్నం ఈ ఊళ్లో ఎలా మొదలైంది, ఎందుకు సగంలో నిలిచిపోయింది అన్నది నాకు ఇంటి విషయం కూడా.

ముందు కశ్మీరీ గేటు దగ్గరి సెయింట్ జేమ్స్ చర్చికి వెళ్లాలి. 1852 జూలైలో అక్కడ ఢిల్లీ కాలేజీ లెక్కల ఉపాధ్యాయుడు మాస్టర్ రామచంద్ర, ఆయనతో పాటు డాక్టర్ చిమన్ లాల్ బాప్తిస్మం తీసుకున్నారు. రామచంద్ర అప్పటికే గణితంలో గరిష్ఠ, కనిష్ఠ విలువల సమస్యల మీద పుస్తకం వేసినవాడు. దాన్ని లండన్‌లో అగస్టస్ డి మోర్గాన్ 1859లో మళ్లీ అచ్చు వేయించాడు. ఢిల్లీ కాలేజీ ప్రభుత్వానిది, అక్కడ బైబిలు పాఠం లేదు. కొత్త నిబంధనను ఆయన తరగతి బయట, తనంతట తాను చదువుకున్నాడు. ఊరంతా అట్టుడికింది. సరిగ్గా అదే సంవత్సరం మన మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడిలో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే బడి దాదాపు ఖాళీ అయిపోయింది. నోబుల్ బడిలో బైబిలు పాఠంగా ఉండేది, ఢిల్లీలో లేదు. ఉన్నచోటా, లేనిచోటా మంట ఒకటే.

ప్రభుత్వం ఈ మంటను గమనించకుండా ఉంటుందా? 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా పత్రం సర్కారు బడుల్లో మతబోధ ఉండకూడదని నిర్ణయించింది. బైబిలు గ్రంథాలయంలో ఉంటుంది, కావలసినవాళ్లు వెళ్లి చదువుకోవచ్చు, అంతే. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఇదే పద్ధతిలో పుట్టాయి. వాటి పని పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. పరీక్షలో మతగ్రంథం లేదు. మిషన్ కాలేజీ తన గోడల మధ్య ఏమైనా బోధించుకోవచ్చు గానీ, పిల్లవాడి పట్టా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఈ దేశంలో క్రైస్తవ కాలేజీ తలరాత ఆ ఏర్పాటుతోనే ఖాయమైందని నా అభిప్రాయం.

అదే 1857 మే 11న సిపాయిల తిరుగుబాటు ఢిల్లీకి చేరినప్పుడు చిమన్ లాల్‌ను చంపేశారు. చాందినీ చౌక్‌లో బాప్టిస్టు బోధకుడు విలాయత్ అలీ ప్రాణం పోయింది. కాలేజీ ప్రిన్సిపాల్ టేలర్ కూడా చనిపోయాడు. రామచంద్ర ఎలాగో తప్పించుకున్నాడు. మూతబడిన ఢిల్లీ కాలేజీ 1864లో మళ్లీ తెరుచుకుని 1877లో పూర్తిగా ఆగిపోయింది. మొఘలుల రాజధానిగా వెలిగిన ఊళ్లో డిగ్రీ చదవడానికి ఒక్క కాలేజీ లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వచ్చింది కేంబ్రిడ్జ్ మిషన్. 1877లో ఎడ్వర్డ్ బికర్‌స్టెత్ నాయకత్వంలో వచ్చిన ఈ యువకుల వెనక ఉన్న మనిషి బ్రూక్ ఫాస్ వెస్ట్‌కాట్, కేంబ్రిడ్జ్‌లో దైవశాస్త్ర ఆచార్యుడు. బైబిలు చదువు చరిత్రలో ఈ పేరు తెలియనివాళ్లుండరు. ఆయనా, ఫెంటన్ హోర్ట్ ఇరవై ఎనిమిదేళ్లు కూర్చుని పాత చేతిరాత ప్రతులను పోల్చి, గ్రీకు కొత్త నిబంధన పాఠాన్ని సరిచేసి 1881లో అచ్చు వేశారు. ఏ ప్రతి పాతది, ఏ లేఖకుడు ఎక్కడ పొరబడ్డాడు, ఏ వాక్యం తరవాత చేరింది అని తేల్చే పని అది. భక్తి ఎంత ఉన్నా, ఆ పనికి కావలసింది చదువు. వెస్ట్‌కాట్‌కు ఒక కల ఉండేది. గ్రీకు తత్వం, క్రైస్తవం ప్రాచీన అలెగ్జాండ్రియాలో తారసపడినట్టు, భారతీయ తత్వం, సువార్త ఇక్కడ కలిసి మాట్లాడుకోవాలి. యోహాను సువార్తను భారతీయులు చదివితే యూరపుకు అందని లోతులు బయటపడతాయని ఆయన నమ్మాడు. ఒక ఇంగ్లీషు ఆచార్యుడు 19వ శతాబ్దంలో అంత మాట అనుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది.

ఆయన గ్రీకు పాఠం అచ్చయిన 1881లోనే, ఫిబ్రవరి 1న, చాందినీ చౌక్ కినారీ బజారు సందుల్లో ఒక ఇంట్లో సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ మొదలైంది. ఐదుగురు విద్యార్థులు, ముగ్గురు ఉపాధ్యాయులు, ప్రిన్సిపాల్ శామ్యూల్ స్కాట్ ఆల్‌నట్. మొదట కలకత్తా విశ్వవిద్యాలయం కింద, మరుసటేడు లాహోర్‌లో కొత్తగా పుట్టిన పంజాబ్ విశ్వవిద్యాలయం కింద చేరింది. కశ్మీరీ గేటులో స్వింటన్ జేకబ్ గీసిన సొంత భవనంలోకి 1891లో మారింది. ఆ ఎర్రటి భవనంలో ఇప్పుడు ఎన్నికల అధికారి కార్యాలయం ఉంది.

కల అలెగ్జాండ్రియాది, టైంటేబులు లాహోర్‌ది. ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, సంస్కృతం, పారసీ అన్నీ పరీక్షకు వెళ్తాయి. బైబిలు పీరియడు మాత్రం పరీక్షకు వెళ్లదు. వెస్ట్‌కాట్ శిష్యులు హిందూ, ముస్లిం కుర్రాళ్ల ముందు సువార్త తెరిచి కూర్చునేవారు. పరీక్ష దగ్గరపడ్డ కుర్రాడు ఏ పుస్తకం ముందు మూస్తాడో ఏ ఉపాధ్యాయుడినడిగినా చెబుతాడు. మతం మారినవాళ్లు బహు తక్కువ. ఆ లెక్కతో చూసి ఈ కాలేజీ ఓడిపోయిందన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను.

ఎందుకంటే ఆ మార్కులు లేని పీరియడు ఎదుటివాడిని గౌరవించడం ఉపాధ్యాయులకు నేర్పింది. 1904లో చార్లీ ఆండ్రూస్ అనే పాదిరి ఈ కాలేజీకి వచ్చాడు. ఢిల్లీలో ఆయన ఎవరి కాళ్ల దగ్గర కూర్చున్నాడంటే మున్షీ జకావుల్లా దగ్గర. జకావుల్లా పాత ఢిల్లీ కాలేజీలో మాస్టర్ రామచంద్రకు ప్రియశిష్యుడు, చివరిదాకా ముస్లింగానే బతికినవాడు. గురువు క్రైస్తవుడైతే శిష్యుడు దూరం కాలేదు. ఆ శిష్యుడి దగ్గర ఒక పాదిరి నేర్చుకున్నాడు, నేర్చుకున్నది 1929లో జీవితచరిత్రగా రాశాడు. సిపాయిల తిరుగుబాటు రక్తం ఇంకా ఆరని ఊళ్లో ఇలాంటి గొలుసు ఒకటి తెగకుండా నిలిచిందంటే చిన్న సంగతి కాదు.

ఇక సుశీల్ కుమార్ రుద్ర. బెంగాలీ క్రైస్తవుడు, 1886 నుంచి ఇక్కడే ఉపాధ్యాయుడు. 1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయినప్పుడు భారతీయుడికి ఇవ్వాలని ఆండ్రూస్ పట్టుబట్టాడు. రుద్ర ఆ కుర్చీలో 1923 దాకా ఉన్నాడు. గాంధీ 1915లో ఢిల్లీ వస్తే దిగింది రుద్ర ఇంట్లోనే. ఖిలాఫత్ గురించి వైస్రాయికి రాసిన బహిరంగ లేఖ కూడా ఆ కప్పు కిందే తయారైందని రుద్ర పోయాక 1925లో గాంధీయే రాశాడు. సువార్త చదివి అందులోని న్యాయాన్ని ఇంత దూరం తెచ్చుకున్న ఇల్లు అది. ఏ పరీక్షాధికారి దానికి మార్కులు వేయగలడు?

అయినా మార్కులు లేకపోవడం వల్ల నష్టం జరిగింది. దాన్ని దాచను. 1922లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు సెయింట్ స్టీఫెన్స్, హిందూ, రామ్‌జస్ మూడూ దాని కిందికి వచ్చాయి. బైబిలు చదువు మాత్రం పాఠ్యప్రణాళిక బయటే మిగిలింది. 1950లో రాజ్యాంగం 28వ అధికరణంతో, ప్రభుత్వ గుర్తింపు గానీ, సహాయం గానీ ఉన్న చోట ఎవరినీ వాళ్ల ఇష్టం లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదన్నది. అది న్యాయమే. బలవంతపు తరగతిలో ఎవరికీ ఏ గ్రంథమూ తలకెక్కదు. కానీ మతబోధ ఆగినచోట గ్రంథ పరిశీలన మొదలుకావలసింది. అది మొదలు కాలేదు.

పట్టా ఇచ్చే బైబిలు చదువు వేరే దారిలో, గోడల వెనక పెరిగింది. దాని మూలం కలకత్తా పక్కన శ్రీరాంపూర్. తెలుగువాళ్లకు ఆ ఊరితో పాత బంధం ఉంది. విశాఖపట్నంలో అగస్టస్ డెగ్రాంజెస్ ఆనందరాయర్ సాయంతో తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అచ్చయింది అక్కడే. బాప్టిస్టు మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో అక్కడ కాలేజీ పెట్టారు. అప్పుడు ఆ ఊరు డెన్మార్క్ వాళ్లది. డేనిష్ రాజు ఆరవ ఫ్రెడరిక్ 1827లో పట్టాలిచ్చే హక్కు రాసిచ్చాడు. 1845లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చినా ఆ హక్కు పోలేదు. దాన్ని వాడుకుని మొదటి బి.డి. పట్టాలిచ్చింది మాత్రం 1915లో. 1918లో బెంగాల్ చట్టంతో సెనేట్ ఏర్పడింది. దేశంలోని ప్రొటెస్టెంటు సెమినరీలు చాలావరకు ఆ సెనేటు నీడలోకి వచ్చాయి. మన దగ్గర లూథరన్లు, బాప్టిస్టులు, దోర్నకల్ వాళ్లు కలిసి 1964లో రాజమండ్రిలో పెట్టుకున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1973లో హైదరాబాదు చేరింది. తమ్ముడు చదివింది అక్కడే. హీబ్రూ, గ్రీకు నేర్చుకున్నాడు, ప్రవక్తల కాలపు చరిత్ర చదివాడు, ఏళ్ల తరబడి శ్రమపడ్డాడు. తరవాత ఒక ఆఫీసులో సర్టిఫికెట్లు చూపిస్తే అక్కడి గుమస్తా కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇదీ డిగ్రీయేనాండీ?" అన్నాడట. తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఢిల్లీలో ఈ రెండో దారి సివిల్ లైన్స్‌లో కనిపిస్తుంది. జెసూట్లు 1879లో అసన్‌సోల్‌లో మొదలుపెట్టి, కర్సియాంగ్ కొండల మీద నడిపిన వేదాంత కళాశాల 1972లో రాజ్ నివాస్ మార్గ్‌కు వచ్చి విద్యాజ్యోతి అయింది. శామ్యూల్ రాయన్, జాక్ దుప్వీ లాంటి పెద్దలు అక్కడ పాఠాలు చెప్పారు. బి.టి.హెచ్. నుంచి డాక్టరేటు దాకా పట్టాలున్నాయి, వాటి అధికారం రోమ్ నుంచి వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే కోర్ట్ లేన్‌లో కేంబ్రిడ్జ్ వాళ్ల బ్రదర్‌హుడ్ ఇల్లు ఇంకా ఉంది. ఒకరిది పట్టా ఉన్న చదువు, మరొకరిది పట్టా లేని చదువు. మధ్యలో నడక దూరం.

విశ్వవిద్యాలయంలో మాటేమిటి? ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1957 నుంచి బౌద్ధ అధ్యయన శాఖ ఉంది. జామియాలో ఇస్లామిక్ స్టడీస్‌లో బీఏ ఆనర్స్ ఉంది. మద్రాసు, మైసూరు విశ్వవిద్యాలయాల్లో క్రైస్తవ అధ్యయన శాఖలున్నాయి. ఢిల్లీలో బైబిలు డిగ్రీ పిల్లల చేతికి వచ్చేది ఇంగ్లీషు ఆనర్స్‌లో. 2015 నాటి పాఠ్యప్రణాళికలో ఆదికాండం మొదటి నాలుగు అధ్యాయాలు, లూకా సువార్తలో కొన్ని అధ్యాయాలు మిల్టన్ అర్థం కావడానికి నేపథ్యంగా పెట్టారు. మిల్టన్ కోసం లూకా! లూకా సువార్త తెలుగులో అచ్చయి రెండు వందల ఏళ్లు దాటింది. హిందుస్తానీ సువార్తను ఢిల్లీ పొలిమేరలో రైతులు చదివి కూడా అంతకాలమైంది. అయినా మన విశ్వవిద్యాలయానికి అది ఇంకా ఇంగ్లండు సామానే.

ఇలా విడదీయడం వల్ల ఇరుపక్షాలూ నష్టపోయాయని నేననుకుంటాను. సెమినరీలో విశ్వాసులు విశ్వాసుల మధ్యే చదువుతారు, అడగాల్సిన ప్రశ్న అడిగే బయటివాడు తరగతిలో ఉండడు. బయటివాళ్లకేమో పుస్తకమే అందదు. దాని గురించి ఎన్నికల సభల్లో విన్నదే చదువవుతుంది. మతమార్పిడి భయం చెబుతారు. రుద్ర కాలేజీ పీరియడులో కూర్చున్న వేలమంది ఏమయ్యారో చరిత్ర చెబుతూనే ఉంది. లాలా హర్‌దయాళ్ ఆ కాలేజీవాడే, గదర్ పార్టీ పెట్టినవాడు.

నేనడిగేది పెద్దదేమీ కాదు. బీఏలో ఐచ్ఛికంగా ఒక పేపరు. అందులో యెషయా, యోబు, మార్కు సువార్త ఉండాలి. వెస్ట్‌కాట్, హోర్ట్ ప్రతులను ఎలా పోల్చారో ఉండాలి. రామచంద్ర, డెగ్రాంజెస్, ఆనందరాయర్ ఉండాలి. ఈ గ్రంథాన్ని దళితులు తమదిగా ఎలా చదువుకున్నారో ఉండాలి. మా నాన్నగారి సంఘంలో అక్షరం రాని ముసలమ్మలు నిర్గమకాండం గురించి మాట్లాడిన తీరు విన్నదాన్ని, అది చరిత్ర పాఠానికి పనికిరాదంటే ఒప్పుకోను. హీబ్రూ, గ్రీకు చెప్పగలిగేవాళ్లు సివిల్ లైన్స్‌లో ఉన్నారు. అక్కడ మెట్రో ఎక్కితే విశ్వవిద్యాలయ స్టేషనుకు మధ్యలో విధాన సభ ఒక్కటే ఆగేది. ఆ పేపరుకు పరీక్ష ఉండాలి, మార్కులుండాలి, హిందూ, ముస్లిం, క్రైస్తవ పిల్లలు పక్కపక్కన కూర్చుని రాయాలి. పాస్టరు కొడుకు అందులో తప్పవచ్చు, పూజారి కూతురు ఫస్టు రావచ్చు.