లాస్ వేగాస్ మహిళలు (20వ శతాబ్ది మధ్యకాలం)

అమెరికాలో నెవాడా రాష్ట్రపు విహార నగరమైన లాస్ వేగాస్‌లో ‘స్ట్రిప్’ అనే కాసినో వీధి హోటళ్ల రోజువారీ పనిలో మహిళల శ్రమ ఎక్కువగా ఉండేది. పక్కదుప్పట్లు మార్చి, స్నానాల గదులు కడిగే వెస్ట్‌సైడ్ పేట నల్లజాతి స్త్రీలకు అక్కడే అతిథులుగా దిగే వీలుండేది కాదు. 1960 మార్చిలో హోటళ్ల యజమానులకు, నల్లజాతి నాయకులకు మధ్య కుదిరిన ఒప్పందంతో ఆ వివక్ష సడలింది.

విద్యారంగంలో మాడ్ ఫ్రేజియర్ (1881–1963) ముఖ్యులు. ఉపాధ్యాయురాలిగా మొదలై, నగర పాఠశాలల సూపరింటెండెంట్‌గా పనిచేశారు. 1950లో శాసనసభకు ఎన్నికై, దక్షిణ నెవాడాకు విశ్వవిద్యాలయ ప్రాంగణం కోసం పట్టుబట్టి సాధించారు. 1957లో తెరిచిన తొలి భవనానికి ఆమె పేరే పెట్టారు. 1962లో రాష్ట్ర తొలి మహిళా లెఫ్టినెంట్ గవర్నర్‌గా నియమితులయ్యారు.

సంక్షేమ భత్యాల కోతకు నిరసనగా 1971 మార్చిలో హోటల్ మాజీ కార్మికురాలు రూబీ డంకన్ నాయకత్వాన తల్లులు స్ట్రిప్‌పై ఊరేగి, సీజర్స్ ప్యాలెస్ కాసినోలోకి నడిచారు. తర్వాత వారు స్థాపించిన ‘ఆపరేషన్ లైఫ్’ వెస్ట్‌సైడ్‌లో వైద్యశాల, గ్రంథాలయం నడిపింది.