దామరవాయి రాకాసి గుళ్లు: నిర్మాణం, కాలనిర్ణయం

పాత వరంగల్ జిల్లా తాడ్వాయి అడవుల్లో, దామరవాయి దగ్గరి గుట్టమీద బృహత్ శిలాయుగపు సమాధులు గుంపులుగా ఉన్నాయి. 2019లో ములుగు జిల్లా ఏర్పడ్డాక ఇవి దాని పరిధిలోకి వచ్చాయి. చుట్టుపక్కల వాళ్లు వీటిని రాకాసి గుళ్లంటారు. మేడారం జాతరకు లక్షలమంది ఈ తాడ్వాయి మండలానికే వస్తారు. ఈ గుట్ట ఎక్కేవాళ్లు మాత్రం అరుదు.

మూడు పక్కలా రాతిపలకలు నిలిపి, పైన ఒకే పెద్ద బండను కప్పుగా వేశారు. కప్పుబండ గోడలు దాటి చూరులా బయటికి వచ్చి ఉంటుంది. తెరిచి ఉన్న పక్కనుంచి వంగి చూస్తే లోపల రాతితొట్టి కనబడుతుంది. ఒకే రాతిని తొలిచి చేసిన ఈ తొట్టే నా దృష్టిలో ఇక్కడి అసలు విశేషం. బండలెత్తడం ఊరంతా కలిసి చేయగల పని. ఇంత పెద్ద రాతిని పగలకుండా లోపలంతా తొలచాలంటే చేయి తిరిగిన పనివాడు, గట్టి ఉలి ఉండాలి. దక్షిణ భారతంలో ఈ తరహా సమాధుల్లో ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు మట్టిపాత్రలు దొరకడం మామూలే. కాబట్టి దీన్ని ఇనుము తెలిసిన సమాజపు పనిగా చూడడమే సబబు.

వీటిని ఐరోపా దారి సమాధులతో పోల్చడం పాత అలవాటు. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ దాదాపు క్రీ.పూ. 3200 నాటిది. దాని గదిలోకి సుమారు 19 మీటర్ల రాతిదారి ఉంది, పైన మట్టిదిబ్బ ఉంది. దక్షిణాది బృహత్ శిలా సంస్కృతి స్థూలంగా క్రీ.పూ. 1200 తర్వాతిది. ఇక్కడ పొడవాటి దారి లేదు, గుమ్మం దాటగానే గది. పలకల మీద కప్పుబండ అన్న పోలిక ఒక్కటే చూసి రెంటికీ చుట్టరికం కలపలేం.

పైపై పోలిక ఎంత దారి తప్పిస్తుందో గోదావరి లోయలోని కాటాపూర్ శిలలే సాక్ష్యం. సర్వే ఉద్యోగి ముల్హెరాన్ 1868లో గోదావరి లోయలోని ఈ సమాధులను, వాటి పక్కన శిలువ ఆకారపు రాళ్లను ప్రకటించాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ తన గ్రంథంలో ఆ రాళ్లను క్రైస్తవ చిహ్నాలుగా తీసుకున్నాడు. చాచిన చేతులు, తల ఉన్న మనిషి రూపాలివి అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఇదే లోయలోని దొంగతోగులో స్తనాలు చెక్కిన స్త్రీ విగ్రహాలూ ఉన్నాయి. చనిపోయినవారికి రూపమిచ్చి సమాధి దగ్గర నిలపడం ఈ లోయలో కనబడే సంప్రదాయం. దాన్ని బయటి కొలతలతో తూచినందుకే ఫెర్గూసన్ పొరబడ్డాడు.

కాలనిర్ణయానికి ఆధారం తొట్టిలోని ఎముక ముక్క, పెంకు, బొగ్గు, చుట్టూ ఉన్న మట్టిపొర. గుప్తనిధుల ఆశతో తవ్వేవాళ్లు ముందుగా చెరిపేసేది వాటినే. ఒక్కసారి పొర కలిసిపోతే ఏ ప్రయోగశాలా దాన్ని విడదీయలేదు. ప్రతి సమాధికీ సంఖ్య, కొలతలు, ఫొటోలతో పట్టిక తయారుచేసి, గుట్టకు కాపలా పెట్టే పనిని పురావస్తు శాఖ, అటవీ శాఖ కలిసి చేపట్టాలి. చూడవచ్చేవారు పెంకుముక్కనైనా కదపవద్దని మనవి.